శోకపాళ్లు చాలని సినిమా

పొద్దుటి నుంచి ఏడు సినిమాలు తూచి, పైడితల్లి ఎనిమిదోది ఎక్కించి మణికట్టు పట్టీ బిగించుకుంది. చూసేవాళ్ల కంటితడి, గుండెదడ ఆ పట్టీలోంచి రసతులకు వెళ్తాయి. అక్కడ ముల్లు కదులుతుంది. శోకపాళ్లు అరవైకి చేరకపోతే రసతుల కల్పించిన ఏడుపు ఘట్టం సినిమాకు అతుకు పడుతుంది, అసలు ప్రతి చెరిగిపోతుంది. తొమ్మిదో శుద్ధిశాలలో తూనికరిగా పదకొండేళ్లుగా ఇదే పని.

రసతుల అంటే పన్నెండు లక్షల సినిమాలు మింగి ఒక్కటీ అరిగించుకోలేని యంత్రం. పాతకాలపు దుస్తుల్లో నల్లజాతి వాళ్లు కనబడితే చాలు, వెనకాల కొరడా ఏదని వెతుకుతుంది. చెట్టుకు తాడు కనబడితే ఊయలని దానికి చస్తే తోచదు. నిరుడు ఒక నల్లజంట పడవలో కూర్చుని నవ్వుకుంటుంటే ఉప్పెన పిలిపించి ముంచేసింది. ఆ పడవ ఉన్నది మోకాలిలోతు చెరువులో!

ఎనిమిదో సినిమాలో అమెరికా పట్నం, అందరూ టోపీలు పెట్టుకునే కాలం. కోరా అనే పిల్ల టోపీలు కుడుతుంది. ఎజ్రా రైల్లో సామాన్లు మోసేవాడు. ఇద్దరూ నల్లవాళ్లే. సాయంత్రం మేడ దిగి నాట్యశాలకు వెళ్లాలి. కోరా చెయ్యి ఆవిరికి కాలింది. అందుకని ఎజ్రా కోటు విప్పి, ఆమె ఆకుపచ్చ గౌను ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టాడు. తడివేలితో వేడి చూసుకుంటూ, ఒక్కో కుచ్చే తీరిగ్గా. ఆమె పీట మీద కూర్చుని వంకలు పెడుతోంది.

ఇప్పుడు తలుపు బాదుతారు, ఇప్పుడు ఈడ్చుకెళ్తారు అని పైడితల్లి అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టింది. ఎవరూ రాలేదు. గౌను పూర్తయింది. పైడితల్లికి ఏడుపు ఆగలేదు.

ముల్లు డెబ్భై ఒకటి దగ్గర నిలిచింది. తెర మీద, ఏడుపుకు కారణం ఏదో వేలు పెట్టి చూపాల్సిన గడులు తెరుచుకున్నాయి: కొరడా, మంట, వలస, చావు.

ముల్లు చూసి పర్యవేక్షకుడు గౌరునాయుడు పరుగున వచ్చాడు. "ఏటే, కొట్టినారేటి, సంపినారేటి?"

"ఇస్త్రీ సేసినాడు బావూ."

"దానికేడుపేటే? ఆ కాలపోల్లకి కులాసా ఉందంటే జనం నమ్ముతారేటి! కొరడా గడిలో ఏలెట్టీ."

"ఎడితే ఆ మిసను ఇస్త్రీపెట్టి తీసీసి ఆడి సేతిలో కొరడా ఎట్టెద్ది."

"ఎట్టనీ. గడి ఒగ్గేత్తే సినిమా పోద్ది, నీ కొలువూ పోద్ది. ఆడు నీ మేనమామేటి?"

పైడితల్లి కాసేపు నాలుగు గడులనూ చూసింది. తర్వాత వాటి కింద, ఎవరూ ఏనాడూ రాయని ఖాళీలో, 'ఇస్త్రీ చేశాడు' అని వేలితో రాసింది.

పదకొండేళ్లలో రసతులకు గడులు దాటిన మేత పడడం అదే మొదలు. తూనికరి రాసిందంటే శోకకారణమే, శోకకారణాన్ని చెరపరాదు. అంతవరకే దాని చదువు. అలాంటివి ఇంకెక్కడున్నాయో వెతకడానికి బయలుదేరింది. వేడి టీ ఊది ఇచ్చిన చోటా, పెళ్లాం జుట్టు చిక్కు తీసిన చోటా, బూటు లేసు కట్టిన చోటా ముద్ర కొట్టుకుంటూ పోయింది: తీయరాదు. గంట తిరక్కుండా పన్నెండు వేల సినిమాల మీద అతుకులు ఆగిపోయాయి.

రాజధాని నుంచి ఫోన్లు. ఆ రాత కొట్టెయ్యాలంటే ఒకటే దారి: మరో మనిషి అదే చోటు పొడికళ్లతో చూడాలి.

"నా కూతురి అప్పగింతలకే ఏడవనోడిని," అని గౌరునాయుడు పట్టీ లాక్కున్నాడు. "ఇస్త్రీకేడుత్తానా!"

సినిమా మొదలైంది. మొదటి కుచ్చుకు ముల్లు మూడు. గౌను పూర్తయ్యేసరికి తొమ్మిది. రాత పోయినట్టే, సినిమా పోయినట్టేనని పైడితల్లి అనుకుంది. కోరా గౌను తొడుక్కుని వచ్చి నిలబడింది. ఎజ్రా రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని, అంచున మిగిలిన ఒక్క ముడతను అరచేత్తో సర్దాడు.

ముల్లు ఇరవై దాటింది. నలభై. అరవై నాలుగు.

గౌరునాయుడు ముల్లు వంక చూడలేదు. పక్కన ఫోను మోగుతూనే ఉంది.

"బావూ, ఆపీమంటారా?"

"నోర్ముయ్యే! ఆల్లింకా మెట్లు దిగనేదు."