చిల్లుల బోర్డు మీద వెండి కొంగ

ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక లైమన్ గ్యారేజీలోకి వెళ్ళి, షట్టర్ దించి, హీటర్ వేసుకున్నాడు. బయట మిన్నెసోటా చలి ముక్కు కొరికేస్తోంది. గోడకున్న చిల్లుల బోర్డు మీద స్పానర్లూ సుత్తులూ రంపాలూ కొక్కేలకు వేలాడదీయడం నిన్ననే అయింది. మధ్యలో మూరెడు ఖాళీ వదిలాడు. అక్కడ ఆర్విడ్ కారు గుర్తు వెయ్యాలి. నీలి డాలు, దాని మీద రెక్కలు విప్పిన వెండి కొంగ.

ఆ పనిముట్లన్నీ ఆర్విడ్‌వే. ముప్ఫై ఏళ్ళు ఒకే వర్క్‌షాపులో పక్కపక్కన పనిచేసిన స్నేహితుడు. పోయినేడు చలికాలంలో, గడ్డకట్టిన సరస్సు దాటుతుంటే మంచు పగిలి తన నీలం కారుతో సహా మునిగిపోయాడు. మనిషీ దొరకలేదు, కారూ దొరకలేదు. బయల్దేరే ముందు, "మంచు గట్టిగానే ఉందిట్రా?" అని ఫోన్ చేశాడు. టీవీలో ఆట చూస్తున్న లైమన్, "లారీ ఎక్కించినా ఏం కాదు, పోవోయ్" అన్నాడు. తను సరస్సు వైపు వెళ్ళి వారం దాటిందని మాత్రం చెప్పలేదు. ఆ ఫోన్ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

బొమ్మ దాదాపు పూర్తయ్యేసరికి భార్య సిగ్నే కాఫీ తెచ్చిపెట్టి బోర్డు వంక చూసింది.

"కొంగా అది? బాతులా ఉంది."

"ఇంకా కన్ను పెట్టలేదే. పెట్టాక చూడు."

"ఆర్విడ్ ఉంటే పగలబడి నవ్వేవాడు" అంటూ ఆమె తలుపేసుకుని లోపలికి వెళ్ళింది.

లైమన్ సన్న కుంచె ముంచి కొంగకు కన్ను పెట్టాడు.

హీటర్ ఆగిపోయింది.

ముందు వాసన వచ్చింది. బురద, నాచు, కుళ్ళిన ఆకులు... అన్నీ కలిసిన చల్లటి వాసన. తర్వాత బోర్డు అడుగు వరసలో ఒక చిల్లులోంచి చుక్క జారింది. రంగేమోనని వేలితో తుడిచాడు. నీళ్ళు. ఎముకలు కొరికేంత చల్లటి నీళ్ళు. పక్క చిల్లులోంచి ఇంకో చుక్క. ఆ పక్క నుంచి ఇంకోటి...

అతను ఇంట్లోకి వెళ్ళే తలుపు దగ్గరికి పరిగెత్తాడు. పిడి తిరిగింది. తలుపు కదల్లేదు. అవతల ఏదో పెద్ద బరువు ఆనుకుని ఉన్నట్టుంది. షట్టర్ మీట నొక్కాడు. చప్పుడు లేదు. కిటికీలోంచి చూస్తే మంచు లేదు, వీధి లేదు. అద్దం నిండా ఆకుపచ్చటి చీకటి.

నీళ్ళు చీలమండలు దాటాయి. మోకాళ్ళు దాటాయి.

"సిగ్నే!" అని అరిచాడు. రెండు చేతులతో కిటికీ అద్దాన్ని బాదాడు. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి.

బోర్డు వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

"లైమన్... మంచు గట్టిగానే ఉందిట్రా?"

"నేను చూళ్ళేదురా..." అతని పళ్ళు టకటకలాడాయి. "చూడకుండానే చెప్పాను... ఆర్విడ్, చూడకుండానే..."

ఎక్కడో కారు తలుపు మూసుకున్న చప్పుడు. ఇంటి తలుపు దానంతటదే తెరుచుకుంది.

నేల పొడిగా ఉంది. అతని బట్టలూ పొడిగానే ఉన్నాయి.

తూలుకుంటూ వంటింట్లోకి వచ్చిన అతన్ని చూసి సిగ్నే చేతిలో గరిటె జారిపోయింది.

"నువ్వు... అప్పుడే ఎలా వచ్చావ్?"

"నేనెక్కడికి వెళ్ళాను?"

"ఇందాకే కదా, ఎవరిదో నీలం కారులో సరస్సు వైపు వెళ్ళావు. పక్క సీట్లో కూర్చున్నావు. నడిపేవాడు సరిగ్గా కనపళ్ళేదు. ఈ కిటికీలోంచే చూశాను."

లైమన్ కిటికీ దగ్గరికెళ్ళాడు. దించి ఉన్న షట్టర్ కింద నుంచి మొదలై మంచులో రెండు చక్రాల జాడలు సరస్సు వైపు సాగిపోయాయి. తిరిగొచ్చిన జాడ లేదు.

"నాకేసి చెయ్యి ఊపావు కూడా..." సిగ్నే ఆగిపోయింది. ఆమె మొహం మెల్లగా పాలిపోయింది.

"కాదు... ఊపడం కాదది. రెండు చేతులతో అద్దం బాదుతున్నావు." ఆమె కిటికీ వంక చూసింది. "నేనేమో... నవ్వుతూ టాటా చెప్పాను."