ఇటుకల మీది అద్దాల బీరువా

పొద్దున టీ తాగడం కాగానే అమ్మ తడిబట్ట పట్టుకుని హాల్లోని పుస్తకాల బీరువా ముందు నిలబడింది. నల్లబడిన టేకు చెక్క, పాతకాలపు అద్దాల తలుపులు. వాటి వెనక తాతయ్య పుస్తకాలు బారులు తీరి కనిపిస్తాయి. చిట్టికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ తలుపులు తెరవగా చూడలేదు. పైగా అంత అందమైన బీరువాకు కాళ్లే లేవు. ఇటుకల మీద నిలబెట్టి, అవి కనపడకుండా చుట్టూ ఓ గుడ్డ కట్టారు.

"అమ్మా, రోజూ అద్దాలు తుడుస్తావు. లోపలున్నవి ఒక్కసారైనా తిరగేశావా?"

"తాళంచెవి లేదు కదే."

"తాళాలాయన్ని పిలిస్తే చిటికెలో తీసేస్తాడు."

"వద్దన్నానా! షాపుకు టైమవుతోంది, బయల్దేరు."

అమ్మ కసురుకుందంటే అక్కడేదో ఉన్నట్టే. చిట్టి చెప్పులేసుకుని బయల్దేరింది గానీ, మనసులో పురుగు తొలుస్తూనే ఉంది.

చిట్టి పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. ఆ రోజు ఒకావిడ చత్వారం జోడు కోసం వచ్చింది. చేతిలోని అట్ట మీద అక్షరం ఆనకపోతే ముక్కు చిట్లించి నవ్వుతోంది. అచ్చం అమ్మ నవ్వు! ఎప్పుడో చిన్నప్పుడు రాకపోకలు తెగిపోయిన పిన్ని.

"పిన్నీ!"

ఆవిడ తెల్లబోయి, చిట్టి గడ్డం పట్టుకుంది. "అక్క కూతురివా? ఎంతదానివయ్యావే!"

సాయంత్రం జోడు ఇవ్వడానికి చిట్టే వాళ్లింటికి వెళ్లింది. అక్కడ టీవీ కింద ఓ పొట్టి సొరుగుల బల్ల ఉంది. అదే నల్లటి టేకు. అంచు వెంబడి పాకిన చెక్కడపు తీగలు పైకి వచ్చేసరికి సగంలో తెగిపోయాయి. మిగతా సగం చిట్టి రోజూ చూసేదే.

"ఇది మా బీరువా కింది భాగం కదూ?"

పిన్ని సొరుగు లాగి ఓ ఇత్తడి తాళంచెవి తీసింది. "అమ్మ పోయాక నన్ను చదివించడానికి అక్క బడి మానేసింది. నాన్న పోయాక ఈ బీరువా నాకంటే నాకని ఇద్దరం పట్టుబట్టాం. 'బడి మానేసినదానికి పుస్తకాలెందుకు?' అనేశాను. అక్క ఆ మాటకు పుస్తకాలున్న పైభాగం తీసుకుపోయింది. పంతానికి కిందిది నేను తెచ్చుకున్నాను. తాళంచెవి ఇందులో ఉండిపోయిందని తర్వాత చూశాను. ఏ మొహం పెట్టుకుని రానే?"

"ఆ మొహంతోనే రా. లే," అంది చిట్టి.

ఇంటికి చేరాక పిన్నిని మెట్ల దగ్గర నిలబెట్టి, తను ఒక్కతే లోపలికి వెళ్లింది.

"పిన్ని ఇంటికి వెళ్లానమ్మా."

అమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. "నన్నడక్కుండా దాని గడప తొక్కావా?"

"తాళంచెవి ఎక్కడుందో నీకు తెలుసు కదూ? మరి తాళాలాయన్ని ఎందుకు రానివ్వలేదు?"

"తెలుసే! బయటివాడితో తీయించేస్తే, ఇంక అది ఈ ఇంటికి రావడానికి వంకేముంటుంది?"

ఆ మాటతో అమ్మ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. చిట్టి పిన్నిని పిలవబోయింది. వెనక్కి తిరిగేసరికి పిన్ని గుమ్మంలోకి వచ్చేసింది.

అమ్మ గరిటె పక్కన పడేసి గుమ్మం దాకా వచ్చింది.

"ఏంటే అంత చిక్కిపోయావు?" అంది అమ్మ.

"తిట్టు అక్కా, ముందు తిట్టు."

"తిడతాలే. తీరిగ్గా తిడతాను. లోపలికి రా."

తాళం మొరాయించింది. చిట్టి నూనెచుక్క వేశాక కిర్రుమంటూ తిరిగింది. పాత కాగితాల వాసన గదంతా కమ్ముకుంది. అమ్మ ఒక పుస్తకం తీసి, అలవాటుగా చెల్లెలికి అందించబోయింది. పిన్ని తీసుకోలేదు. కింద చాప మీద అక్క మోకాలికి ఆనుకుని కూర్చుంది.

"నువ్వే చదువక్కా. నాకు మొదట అక్షరాలు నేర్పింది నువ్వే కదా."

అమ్మ గొంతు సవరించుకుంది. మొదటి వాక్యం దగ్గర తడబడింది. రెండోది తిన్నగా చదివింది.