గంగాలమ్మ కాలి ఎముక

మా అత్త గంగాలమ్మ నలభై ఏళ్ళు తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్మింది. పోయినేడాది నుంచి తట్ట కింద పెట్టుకునే చుట్టకుదురు ఆమె తలమీద నిలవడం మానేసింది. నుదురు ముందుకు పొడుచుకొచ్చింది. ఎడమకాలు మోకాలి కింద విల్లులా వంగింది. చెవులు మందగించాయి. బరువు మోసీ మోసీ అలా అయిందనుకున్నాం.

ఎముకల డాక్టరు అచ్యుతరామయ్యగారు ఎక్స్‌రేలు, రక్తపరీక్ష చూసి పాజెట్ వ్యాధి అన్నారు.

"పాత ఎముకని తినే కణాలుంటాయమ్మా, కొత్తది కట్టే కణాలూ ఉంటాయి. అందరి ఒంట్లోనూ ఉండేవే. ఈవిడకి తినేవి అదుపు తప్పాయి. కట్టేవి వాటి వెనకాల పరిగెత్తి, ఎలా పడితే అలా కట్టేస్తున్నాయి. ఎముక లావైందిగానీ బలం లేదు. సెలైన్‌లో ఒక్కసారి ఎక్కించే మందుతో తినేవి అణుగుతాయి. మర్నాడు జ్వరం రావచ్చు, కంగారు పడకండి."

"ఏటి తింటాదంట?" అని అత్త నన్నడిగింది. నేను నవ్వేశాను.

బుధవారం మందు ఎక్కించారు. గురువారం వాయుగుండం వాన. మా ఆయన సింహాద్రి బోటు కొట్టుకుపోకుండా కట్టడానికి హార్బరుకి పోయాడు. నాలుగింటికే జాలరిపేట అంతా చీకటి. కరెంటు పోయింది. అత్తకి జ్వరం అందుకుంది.

"దేవీ, కాలు పట్టవే. పీకేత్తంది."

కొబ్బరినూనె రాసి మెల్లగా పట్టడం మొదలుపెట్టాను. ఆ కాలు ఎప్పుడూ వెచ్చగానే ఉండేది. ఆవేళ పొయ్యిమీంచి దించిన గిన్నెలా కాలుతోంది. నూనె వాసన కింద ఇంకో వాసన తగిలింది. ఎండలో రెండ్రోజులు మరిచిపోయిన పీతడొప్పల వాసన. ముక్కు పక్కకి తిప్పుకున్నాను.

అప్పుడు వినిపించింది.

చప్... చప్... చప్...

పళ్ళు లేని నోటితో ఎవరో ఎముకలోని మూలుగ పీలుస్తున్నట్టు. చూరు నీళ్ళనుకున్నాను. చూరు నీళ్ళు బయట పడుతున్నాయి. ఇది నా చేతి కింద.

బొటనవేలు కాస్త గట్టిగా నొక్కాను. ఎముక దిగిపోయింది... తడి ఇసకలా. కణుపు దాకా వేలు లోపలికి పోయింది. చర్మం తెగలేదు. రక్తం లేదు. కానీ చర్మం అవతలనుంచి, గరుగ్గా, జిగటగా... ఏదో నా వేలిని నాకింది.



"అత్తా..." గుసగుసగా అన్నాను. అరిస్తేగానీ వినపడని మనిషి, కళ్ళు తెరిచింది.

"మాటాడకు. వింటాది."

"ఏటది?"

"మందు పోసినారు కదే... అక్కడ దానికింక తిండి లేదు. ఎతుకుతంది."

వేలు లాగేశాను. గుంట నెమ్మదిగా పూడింది. దాని పైన, చర్మం కింద, నిమ్మకాయంత గడ్డ లేచింది. కదిలింది. మోకాలు దాటింది. తొడ దాటింది. చీర కింద పొట్ట ఒక్కసారి ఉబ్బి అణిగింది. మెడ దగ్గర మళ్ళీ కనిపించింది... పైకి.

అత్త నోరు తెరిచింది. పీతడొప్పల కుళ్ళు గదంతా నిండింది. నేను మూలకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. తిరిగి చూసేసరికి ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి పసుపు జొల్లు కారుతోంది. గుటక వేసింది. ఇంకో గుటక. తర్వాత పక్కకి తిరిగి, పసిపిల్లలా నిద్రపోయింది.

సింహాద్రి వచ్చాక అంతా చెప్పాను.

"జొరం అమ్మకా, నీకా?" అన్నాడు. సబ్బుతో, ఫినాయిలుతో బొటనవేలు ఎన్నిసార్లు కడిగానో లెక్కలేదు. అన్నం కలిపినప్పుడల్లా ఆ వాసనే. వారంపాటు చెంచాతో తిన్నాను.

మూడు నెలలకి రక్తపరీక్ష మామూలుగా వచ్చింది. డాక్టరుగారు సంతోషించారు. వంపు పోదుగానీ నొప్పి పోతుందన్నారు. పోయింది. అత్త తట్ట చంకనెత్తుకుని మళ్ళీ చేపలమ్మడానికి వెళ్తోంది. ఆకలి బాగా పెరిగింది. మందు పనిచేసిందని పేటంతా అంటున్నారు. నేనూ అలాగే అనుకుందామని చూస్తున్నాను.

మొన్న వంజరం చేప తలకాయ పులుసు పెట్టాను. పెద్ద తల. అత్త ఒక్కర్తే తింది. కంచం తీయబోతే అందులో ఒక్క ముల్లు లేదు. తల ఎముక లేదు. మంచం కింద చూశాను, చెత్తబుట్టలో చూశాను. మాకు పిల్లి లేదు.

నిన్నా అంతే. ఇవాళా అంతే.

అత్త నోట్లో మిగిలినవి నాలుగే పళ్ళు. అవీ కదులుతున్నాయి.