నామినీ మారింది

"వాళ్లు పంపే లింకు నొక్కితే మన పని ఖాళీ, అజ్మల్," అన్నాడు చీఫ్ జీవానందం.

మైపాడు బీచ్ పక్కన ఆగి ఉన్న ఐసు లారీ అది. బయటికి లారీ, లోపల కంట్రోల్ రూమ్. లుంగీ కట్టి ఐసు మోసేవాడి వేషంలో ఉన్న ఏజెంట్ అజ్మల్ ముందు లాప్‌టాప్ తెరిచి ఉంది. పెన్నాతీర బ్యాంకు సెక్యూరిటీ సిస్టమ్ అందులోనే ఉంది. దాని పాస్‌వర్డ్ శత్రువుకి చిక్కితే ఈ తీరంలోని రొయ్యల రైతుల ఖాతాలన్నీ ఊడ్చుకుపోతాయి.

"ముఠా కోడ్ నేమ్ ఎర్ర పీత," అన్నాడు చీఫ్. "బ్యాంకు పేరుతో దొంగ మెయిల్స్ ఇన్నాళ్లూ విదేశాల నుంచే పంపినారు. ఇక్కడున్న వాళ్ల మనిషి సుశీల్ కుమార్ సొంతంగా ఒక్కటి పంపితే చాలు, దొరికిపోతాడు. ఫ్లోరా వాడి పక్కనే ఉంది."

అజ్మల్ మొహం మాడిపోయింది. ముఠాలో చేరి చీఫ్‌కి కబుర్లు పంపే డబుల్ ఏజెంట్ ఫ్లోరా. ఆమె ఎవరి మనిషో చీఫ్‌కే అప్పుడప్పుడూ అనుమానం. అజ్మల్‌కి మాత్రం ఆమె మీద ప్రేమ, ఆ ప్రేమని మించిన అసూయ.

ఆమె హ్యాండ్‌బ్యాగ్ కెమెరాలో రిసార్ట్ టేబుల్ కనిపిస్తోంది. సుశీల్ కుమార్ రొయ్య వలిచి ఆమె ప్లేటులో పెట్టాడు.

"నువ్వు నవ్వితే సముద్రం కూడా చిన్నబోతుంది ఫ్లోరా."

ఆమె పగలబడి నవ్వింది.

"ఇంత పాత డైలాగుకి అంత నవ్వా!" అజ్మల్ పళ్లు నూరాడు. నెలలుగా తన జోకులకి ఆమె పెదవి కూడా కదపలేదు.

తెర ఆరిపోయింది. ఆమే కెమెరా ఆపేసింది. మరుక్షణం మెయిల్ వచ్చింది. పైన బ్యాంకు లోగో.

'ఫ్లోరా గారి ఖాతాలో నామినీగా మీ పేరు తీసి సుశీల్ కుమార్ పేరు చేర్చాము. అభ్యంతరముంటే పది నిమిషాల్లో ఈ లింకులో మీ సెక్యూరిటీ పాస్‌వర్డ్ ఇవ్వండి.'

అజ్మల్ గుండె భగ్గుమంది. తను నామినీగా ఉన్నానని తెలిసిన క్షణంలోనే ఊడిపోయానని తెలిసింది! ట్రైనింగ్ అంతా గాలికి పోయింది. బాణం గుర్తు లింకు మీదికి వెళ్లింది. వేలు బిగిసింది.

అప్పుడు గుర్తొచ్చింది, కోవూరు బ్రాంచి. పోయిన నెల కడుపుమంట ఆపుకోలేక వెళ్లి, ఐడీ కార్డు ఊపి, ఫ్లోరా నామినీ ఎవరని అడిగాడు. కౌంటర్‌లో ఎలిశబెతు కళ్లజోడు సర్దుకుని కడిగేసింది: "ఆమె ఖాతా సంగతి మీకెందుకు చెప్తామండీ? ఐడీ కార్డు కాదు, మీ పెద్ద సారే వచ్చినా చెప్పం."

అడిగితేనే చెప్పని బ్యాంకు అడక్కుండా చెబుతుందా?

వేలు వెనక్కి తీశాడు. పంపినవారి అడ్రస్ చూశాడు. పేరు బ్యాంకుదే, దాని వెనక ఉన్నది ఎవరిదో ఊరూ పేరూ లేని సర్వర్. మెయిల్ డిలీట్ చేయలేదు. ఉన్నదున్నట్టు అటాచ్ చేసి బ్యాంకు ఫ్రాడ్ డెస్క్‌కి, చీఫ్‌కి రిపోర్ట్ చేశాడు.

"ఆ రిసార్ట్ వైఫై నుంచే పంపినాడు!" మెయిల్ జాడ తీసి చీఫ్ గావుకేక పెట్టాడు. దొంగ పేజీని బ్యాంకు బ్లాక్ చేసేలోపు, కొబ్బరిబోండాలు అమ్ముతున్న కమాండోలు సుశీల్ కుమార్‌ని సగం వలిచిన రొయ్యతో సహా ఎత్తుకొచ్చారు.

సాయంత్రం ఫ్లోరా ఐసు లారీ ఎక్కింది.

"ఆ నామినీ ఐడియా నాదే," అంది. "ఇప్పుడే పంపమని వాడిని తొందరపెట్టింది కూడా నేనే."

"నా కుళ్లు వాళ్లకి అమ్మేసినావా? నేను నొక్కి ఉంటే?"

"నొక్కవని తెలుసు. నా ఖాతా గురించి ఎవరో అడిగిపోయినారని ఎలిశబెతక్క అప్పుడే ఫోన్ చేసింది. గడ్డం, కోపం అనగానే నువ్వేనని అర్థమైపోయింది. అడిగినా చెప్పని బ్యాంకు మెయిల్ పెట్టదని నీకు తట్టకపోతుందా?"

అజ్మల్ సిగ్గుతో కుంచించుకుపోయాడు. అయినా కడుపులో మంట చల్లారలేదు.

"అది సరే, నీ నామినీ నిజంగా ఎవరు?"

ఫ్లోరా నవ్వింది. ఈసారి అతని మాటకే.

"బ్యాంకు దాచిపెట్టింది నేను చెప్తానా? ఇంకో మెయిల్ వస్తుందేమో చూడు."