భయం మీద పేపర్

ఆ అమ్మాయి మొహం చూడకముందే నేను ఆమెను చంపబోయాను.

మా లైబ్రరీ కింది అంతస్తులోని ర్యాకులు మామూలువి కావు. ఇనప పట్టాల మీద జరుగుతాయి. ఒక్కో ర్యాకుకు పక్కన ఒక చక్రం. అది తిప్పితే ఒక సందు మూసుకుపోయి ఇంకో సందు తెరుచుకుంటుంది. తిప్పే ముందు “లోపల ఎవరైనా ఉన్నారా?” అని గట్టిగా అరిచి, తొంగి చూసి మరీ తిప్పాలి. మా పనిలో మొదటి పాఠం అదే. మిల్లు బెల్టులో రెండు వేళ్లు పోగొట్టుకున్న మా నాన్న ఇంట్లో నేర్పిన పాఠం కూడా అదే.

ఆ రోజు పొద్దున్నే ఒక లెక్చరర్ “ఇది లైబ్రరీనా, సంతా?” అని నా మీద గయ్యిమన్నాడు. “కాస్త మెల్లగా అను నాయనా” అన్నారు లైబ్రేరియన్ మేడమ్. అందుకని మెల్లగా అరిచాను. అంటే గొణిగాను. తొంగి చూడటం కూడా మరిచి చక్రం తిప్పాను.

సందు సగం మూసుకున్నాక కెవ్వుమని కేక.

నా చేతులు చక్రానికి అతుక్కుపోయాయి. ఎటు తిప్పితే తెరుచుకుంటుందో ఒక్క క్షణం గుర్తు రాలేదు.

“వెనక్కి! వెనక్కి తిప్పండి!”

తిప్పాను. ఒక అమ్మాయి బయటికొచ్చింది. లోపల నేల మీద కూర్చుని చదువుకుంటోందట. జుట్టు నిండా దుమ్ము, గుండెలకు హత్తుకున్న లావుపాటి జర్నల్, గీరుకుపోయిన మోకాలు.

“సారీ అండీ... అరిచాను...”

“ఎక్కడ అరిచారు, కడుపులోనా?”

నేను తల దించుకున్నాను.

“కంప్లయింట్ ఇవ్వనా?”

ఇంకో మూడు నెలల్లో ఉద్యోగం పర్మనెంట్ కావాల్సినవాణ్ణి. ఒక్క కాగితం ముక్క చాలు, మళ్లీ మా ఊరి దారి పట్టడానికి.

“మీ ఇష్టం అండీ.”

“ఇప్పుడు టైం లేదు. సైకాలజీ పేపర్ రాయాలి.”

“దేని మీదండీ?”

“భయం మీద” అని, కుంటుకుంటూ మెట్లెక్కింది.

ఆ రోజు నుంచి సరిగ్గా మూడింటికి వచ్చేది. ఆ చెప్పుల చప్పుడు వినగానే నాకు ఒళ్లంతా చెమట. ఆమె అడగకముందే జర్నళ్లు తెచ్చి బల్ల మీద పెట్టేవాణ్ణి. ఫ్యాన్ కింద కుర్చీ దులిపి ఉంచేవాణ్ణి.

“కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు ఉండవండీ” అనేది, నవ్వు ఆపుకుంటూ.

నవ్వితే బాగుండేది. కానీ ఆమె తెల్ల కాగితం తీసినప్పుడల్లా నా ప్రాణం గొంతులోకి వచ్చేది. అది నోట్సా, నా తలరాతా?

రెండు వారాలు గడిచాయి. ఒకరోజు బయట వాన దంచుతోంది. హాల్లో మేమిద్దరమే.

“ఇది వినండి” అంది, జర్నల్లో వేలు పెట్టి. “ఊగే వంతెన మీద నడిచి భయపడ్డవాళ్లకి, అక్కడ కనపడిన మనిషి తెగ నచ్చేస్తారట. గుండె కొట్టుకునేది భయానికి. వీళ్లేమో ప్రేమనుకుంటారు.”

“అలాగా అండీ.”

“అలాగే. మిమ్మల్ని చూస్తే నాకు గుండె దడ. అది మీ చక్రం చలవా, ఇంకేదైనానా అని నా బాధ. మరి మీ సంగతేంటి? ఇన్ని పుస్తకాలు మోస్తున్నారు. నేనంటే ఇష్టమా, కంప్లయింట్ అంటే భయమా?”

నాలో రెండూ బియ్యంలో రాళ్లలా కలిసిపోయి ఉన్నాయి. ఇష్టం అని చెబితే ఆమె నమ్మదు. నేనైనా నమ్ముతానా?

“తెలియదండీ” అన్నాను.

ఆమె మొహం వాడిపోయింది. “అబద్ధమైతే చెప్పలేదు” అని, గొడుగు తీసుకుని వానలోకి వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కంప్లయింట్ ఇచ్చేసిందేమోనని మొదటి రోజు నా కళ్లు మేడమ్ గది మీదే ఉన్నాయి. రెండో రోజు మూడింటికి చూస్తే, గుమ్మం మీద ఉన్నాయి. రాళ్లు ఏరితే గానీ బియ్యమెంతో తేలదు. మూడో రోజు మధ్యాహ్నం మేడమ్ గదిలోకి వెళ్లాను.

“మేడమ్, పదిహేడు రోజుల కింద ఒకమ్మాయిని ర్యాకుల మధ్య నలిపేయబోయాను.”

ఆమె కళ్లజోడు తీశారు. “కంప్లయింట్ ఎవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదు మేడమ్.”

“మరి నీకెందుకయ్యా? కూర్చున్న కొమ్మ నరుక్కుంటావా?”

“ఆ కొమ్మ మీద నిద్ర పట్టట్లేదు మేడమ్.”

ఆమె కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. “మెల్లగా అనమన్నది నేనే” అన్నారు. “అయినా చూసి తిప్పాల్సింది నువ్వు. నీ పర్మనెంట్ సంగతి ఏడాది తరవాత చూద్దాం. ఇవాళ్టి నుంచి గొంతు చించుకుని అరువు. ఆ లెక్చరర్‌కి నేను చెబుతా.”

ఏడాది! రీడింగ్ హాల్లోకి వచ్చాను. మూల బల్ల దగ్గర ఆ అమ్మాయి కూర్చుని ఉంది.

“మేడమ్‌కి నేనే చెప్పేశానండీ” అన్నాను. “ఉద్యోగం ఏడాది వెనక్కి పోయింది. ఇంక మీ కంప్లయింట్‌కి చిల్లిగవ్వ విలువ లేదు.”

“మీకేమన్నా పిచ్చా?”

“ఆ సంగతి సైకాలజీ చదివేవాళ్లు చెప్పాలి. భయం తీసేసి చూశానండీ. ఇష్టం అలాగే ఉంది.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నేనే అడిగాను, “ఏ జర్నల్ తెమ్మంటారు?”

“ఏదీ వద్దు. పేపర్ ఆ వాన రోజే ఇచ్చేశా.”

“మరి ఇవాళ ఎందుకొచ్చారు?”

ఇన్నాళ్లూ రెప్ప వేయకుండా నన్ను ప్రశ్నలతో పొడిచిన మనిషి, పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండిపోయింది.

“రెండు రోజులు ఇంట్లోనే కూర్చున్నా. ఇంట్లో ర్యాకులు లేవు, చక్రాలూ లేవు. అయినా...” పెన్ను మూత బిగించింది. “మిగతాది చెప్పాలంటే భయంగా ఉంది.”

నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

“తొందరేం లేదండీ” అన్నాను. “నాకింకా ఏడాది టైముంది.”