నడుంతీగ ఎరుగని ఊపిరి

లిఫ్టు తలుపు ధీమంత్‌కి తెరుచుకుంది. అతని వెనకే అడుగు పెట్టబోయిన వకుళ ముందు చటుక్కున మూసుకుంది.

"క్షమించాలి, మీది ఎర్ర. మెట్లు ఎడమ పక్కన ఉన్నాయి. నడక మంచిది," అంది తలుపు ఎంతో మర్యాదగా.

వకుళ నడుం వైపు చూసుకుంది. వెంట్రుకంత సన్నని నడుంతీగ చీర లోంచి దానిమ్మ గింజలా వెలుగుతోంది. తెల్లవారుజామున సాధన చేసినప్పుడే ఎర్ర పడి ఉంటుంది. ఒకసారి పడిందంటే మర్నాడు పొద్దుటి దాకా అంతే.

లోపల ధీమంత్ దొరికిన మీటలన్నీ నొక్కేసి బయటికి వచ్చాడు. పెళ్ళయి నెల తిరగలేదు. భార్య మెట్లెక్కుతుంటే తను లిఫ్టులో వెళ్ళడం అతనికి మహాపాపంలా తోచింది.

"మీరెందుకండీ దిగారు?"

"నువ్వు లేని లిఫ్టు నాకెందుకు?"

వకుళ సిగ్గుపడింది. ఆమె చేతిలోని నాదస్వరం పెట్టెను అతను అందుకున్నాడు. ఇద్దరూ చీరాల కొలత కార్యాలయం మెట్లెక్కసాగారు. కిటికీల్లోంచి సముద్రం ఒక్కో అంతస్తుకీ కాస్త కాస్తగా పైకి లేస్తూ కనిపిస్తోంది. ఆ అందం చూసే ఓపిక ధీమంత్‌కి ఎంతోసేపు నిలవలేదు. సగం దారిలో రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏందండీ ఆ ఆయాసం? మీ తీగ చూస్తే లేతాకు రంగులో మెరిసిపోతంది."

"ఆగు... కాస్త..."

"పచ్చమనిషి కూర్చోవచ్చు. పెట్టె ఎర్రమనిషి మోస్తది, ఇటివ్వండి."

ఆమె పెట్టె తీసుకుని, ఆయాసమన్నదే లేకుండా, రెండు మెట్లు పైన నిలబడి అతని కోసం ఎదురుచూసింది. ధీమంత్ మెట్టు మీద కూలబడి ఆమెను అలాగే చూస్తూ ఉండిపోయాడు. తీగల్ని సరిచేయడమే అతని ఉద్యోగం. ఎవరి నడుం ఎంతో చూపుతోనే చెప్పగలడు. ఈ మనిషిలో ఇంత బలం ఎక్కడ దాగుందో మాత్రం ఆ చూపుకి అందడం లేదు.

పెళ్ళయిన వారానికి ఒక మధ్యాహ్నం అతను ఆమె పొట్ట మీద తల ఆనించి పడుకున్నాడు. కాసేపటికి తల పడవలా మెల్లగా పైకి లేచింది, కిందికి దిగింది, మళ్ళీ లేచింది. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"నీ పొట్ట కదులుతోంది!"

"ఊపిరండీ బాబూ. మీకు కదలదా?"

అతనికి కదలదు. అతనికే కాదు, అతని ఈడువాళ్ళలో ఎవరికీ కదలదు.

నడుంతీగ చెడ్డది కాదు. వాళ్ళ నాయనమ్మల కాలంలో చక్కెర జబ్బు లేని ఇల్లు ఉండేది కాదట. పుండు మానక కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు వీధికొకరు ఉండేవారట. ప్రభుత్వం ఎత్తును బట్టి ప్రతి మనిషికీ నడుం హద్దు పెట్టి, పుట్టిన ఏడాదికే తీగ కట్టించింది. ఒక తరం తిరిగేసరికి ఆ జబ్బు కథల్లో మిగిలింది. మొదట్లో తలుపుల దగ్గర మాత్రమే కొలిచేవారు. జనం తలుపు ముందు పొట్ట లోపలికి బిగించి, దాటాక వదిలేసేవారు. ఆ మోసం పట్టడానికి, రోజు మొత్తంలో నడుం ఎక్కడ ఎక్కువగా ఉబ్బితే అదే లెక్కలోకి తీసుకోవాలని నిబంధన మార్చారు. జనం వదలడం మానేశారు. బడిలో అక్షరాల కంటే ముందు 'పొట్ట లోపలికి' అని నేర్పేవారు. ఊపిరి పక్కటెముకల కింది దాకా రావడం మానేసి, గొంతుకీ గుండెకీ మధ్యనే తిరుగుతూ ఉండిపోయింది. కొన్నాళ్ళకి అదే ఊపిరి అనుకున్నారు.

వకుళ అలా పెరగలేదు. నాదస్వరం ఇంటి పిల్ల. వాళ్ళ నాన్న ఆమెను సముద్రంలో రొమ్ములోతు నీళ్ళలో నిలబెట్టి, పొట్టతో నీటిని ముందుకు నెట్టమనేవాడు. నెట్టగలిగిన నాడే వాయిద్యం చేతికిచ్చాడు.

"నేనొకటి చెప్పనా?" అన్నాడు ధీమంత్ లేచి నిలబడుతూ. "నీ తీగని ఒక్క వేలెడు వదులు చేసేస్తా. ఎవరికీ తెలియదు."

"మీకు తెలుస్తదిగా. నాకూ తెలుస్తది. మీ ఉద్యోగం ఊడిద్ది. పైగా నేనేం తప్పు చేశానని దొంగచాటు?"

"ఇవాళ అధికారిణి ముందు కూడా తీగ ఎర్రగానే ఉంటే వేదిక అనుమతి పోతుంది వకుళా. ఇక ఎక్కడా వాయించడానికుండదు. రేపు నువ్వు వాయించాల్సిన పెళ్ళిలో కూడా."

ఆమె నవ్వు ఆగిపోయింది. "తెలుసండీ," అంది నెమ్మదిగా.

కొలత అధికారిణి త్రిపురాంబ గారి తీగ కట్టిన నాటి నుంచీ ఎర్రబడలేదని కార్యాలయంలో గొప్పగా చెప్పుకుంటారు. సన్నగా, నిటారుగా కూర్చుని ఉన్నారావిడ. రక్తం, గుండె, కీళ్ళు, వకుళ పరీక్షలన్నీ ఎదుట తెర మీద ఉన్నాయి.

"అన్నీ బాగున్నాయమ్మా. నాకంటే బాగున్నాయి."

"మరి అనుమతి తీసెయ్యడం దేనికి మేడం?"

"తీగ ఒప్పుకోవడం లేదు."

ధీమంత్ ఉండబట్టలేకపోయాడు. "మేడం, తీగలో ఊపిరికని రవ్వంత వదులు ఇస్తాం కదా. ఆ రవ్వ ఎంతో తేల్చడానికి ఎవర్ని కొలిచారో పాత లెక్కలు తీసి చూశాను. అప్పటికే పొట్ట బిగబట్టి బతుకుతున్నవాళ్ళని కొలిచారు. పూర్తిగా ఊపిరి పీల్చే మనిషి ఒక్కరూ అందులో లేరు."

త్రిపురాంబ గారు తెర మీది పరీక్షలు పక్కకి జరిపారు. "బాబూ, ఆవిడ నీ భార్య కాబట్టి నువ్వలా అంటావు. నేనూ కాదనను. కానీ నా చేతిలో ఉన్నది ముద్ర మాత్రమే." వకుళ వైపు తిరిగారు. "ఇవాళ్టి సాధన వదిలేస్తాను. పరీక్ష కోసం నీ తీగని ఈ ఒక్కసారికి పచ్చకి తిప్పుతున్నాను. నా ఎదుట ఒక రాగం వాయించు. హద్దు దాటకుండా వాయిస్తే అనుమతి ఉంటుంది. దాటితే రద్దు ముద్ర వేస్తాను."

వకుళ పెట్టె తెరిచి, నాదస్వరం పీకను పెదాలతో తడి చేసుకుంది. పైపైనే గాలి పీల్చి కల్యాణి ఎత్తుకుంది.

స్వరం వచ్చింది. తప్పు లేదు. కానీ అది జలుబు చేసిన పిల్ల గొంతులా, గది మధ్య దాకా కూడా చేరకుండానే పడిపోయింది. ధీమంత్ తల దించుకున్నాడు. తీగ పచ్చగానే ఉంది. ఇంకాస్తసేపు ఇలాగే వాయిస్తే చాలు. రేపూ, ఎల్లుండీ, జీవితమంతా ఇలాగే వాయించుకోవచ్చు.

వకుళ ఆపేసింది. భర్త వైపు ఒక్కసారి చూసి, "ఏమనుకోకండి," అంది.

ఊపిరి తీసుకుంది. నడుం రెండు వైపులా తెరచాపలా విచ్చుకుంది. తీగ భగ్గున ఎర్రబడింది. ఆ తర్వాత వచ్చిన నాదం గోడల్ని పట్టించుకోలేదు. ఒకే స్వరం తెగకుండా, సన్నగిల్లకుండా, అలల మీదుగా పాకే పొద్దులా సాగుతూనే ఉంది. ఇక ఆగుతుంది అనుకున్నచోట ఆగలేదు. పక్క గదుల్లోంచి గుమాస్తాలు చేతిలో పనితోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ స్వరం ఎక్కడ తెగుతుందోనని అందరూ ఊపిరి బిగబట్టారు. అది తెగి, ఆమె మళ్ళీ గాలి తీసుకున్న క్షణంలో, తమకు తెలియకుండానే అందరూ ఆమెతో పాటు గట్టిగా గాలి తీసుకున్నారు.

గుమ్మంలో ఒక తీగ ఎర్రబడింది. పక్కనే ఇంకొకటి. నడవా పొడుగునా దీపాలు అంటించినట్టు ఒకదాని తర్వాత ఒకటి ఎర్రబడుతూ పోయాయి.

కాపలా మస్తాన్ తన పొట్ట వైపు చూసుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. నోటితో నవ్వే నవ్వు కాదది. ఒళ్ళంతా ఊగిపోతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కుర్ర గుమాస్తాలు భయపడి దూరం జరిగారు. అలాంటి నవ్వు వాళ్ళెన్నడూ చూడలేదు.

"మస్తాన్ గారూ, డాక్టర్ని పిలవమంటారా?"

"వద్దురా నాయనా... ఏందో... లోపల ఎవరో చక్కిలిగిలి పెడతన్నారు!"

అది చూసి ధీమంత్‌కి నవ్వొచ్చింది. అతని నవ్వు చూసి గుమాస్తాలకి వచ్చింది. ఒకరి భుజాల మీద ఒకరు వాలిపోయి, ఎందుకో తెలియకుండా, ఆపుకోవడం చేతగాక, ఆ కార్యాలయమంతా నవ్వింది. మనుషుల్లో ఇంత చోటుందని ధీమంత్‌కి ఇన్నాళ్ళూ తెలియదు.

నవ్వు సద్దుమణిగాక అందరూ త్రిపురాంబ గారి వైపు తిరిగారు.

ఆవిడ నవ్వలేదు. అరచేయి పొట్ట మీద ఆనించుకుని, లోపల ఎవరో తలుపు తట్టినట్టు వింటున్నారు. వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి వెలుగు వస్తోంది.

"మేడం," అన్నాడు పెద్ద గుమాస్తా బిత్తరపోయి. "మీది..."

"చూశానయ్యా." ఆవిడ గొంతు మారిపోయింది, లోతుగా. "ఎర్ర పడ్డ అధికారి ముద్ర చెల్లదు కదూ?"

"చెల్లదు మేడం. రేపు పచ్చబడ్డాక వెయ్యొచ్చు."

త్రిపురాంబ గారు ముద్రను సొరుగులో పెట్టి మూసేశారు. వకుళ వైపు చూశారు. ఆ కళ్ళలో చిన్నపిల్ల ఆశ్చర్యం.

"రేపు కూడా నాది పచ్చబడేలా లేదమ్మా," అన్నారు. మెల్లగా, పొట్ట అడుగు దాకా, మళ్ళీ ఊపిరి తీసుకున్నారు.