పైడి కుడిచెయ్యి

కుంభగిరి రాజ్యంలో జనం చేతులు మాట వినడం మానేశాయి. మొదట కోటలో పిండి విసిరే ఆడవాళ్ళ చేతులు నిద్రలో కూడా గుండ్రంగా తిరగసాగాయి. తర్వాత కాపలావాళ్ళ చేతులు సొంత ఇంటి గుమ్మానికే దణ్ణాలు పెట్టసాగాయి. ఆ తర్వాత ఒక్కొక్కరే, చేతులు ఎటు లాగితే అటు, అడవిలోకి నడిచిపోయారు. తిరిగి రాలేదు. రాజుగారికి ఇదేమీ పట్టలేదు. ఆయనకు వచ్చిన మాట ఒక్కటే: "గాలి!"

ఆ గాలి విసిరేది పైడి. పాలపళ్ళు ఊడకముందు నుంచే సింహాసనం పక్కన నిలబడి వింజామర వీస్తోంది. ఒకరోజు అన్నం ముందు కూర్చుంటే ఆమె కుడిచెయ్యి ముద్ద ఎత్తలేదు. అన్నానికి విసరసాగింది.

"నాకూ అంతేనే పిల్లా," అంది ఆమెతోపాటే వింజామర వీసే సన్నెమ్మ. "ఎడం సేత్తో తినీ. అలవాటైపోద్ది."

అలవాటైపోతుందట! పిల్లలూ, ఈ మాట ఎవరన్నా నమ్మకండి. మర్నాటికి సన్నెమ్మ రెండు చేతులూ ఆమెవి కాకుండా పోయాయి. ఆమె చాప ఖాళీ. గుమ్మం నుంచి అడవి దాకా అడుగుల జాడ.

పైడి నిండు సభలో వింజామర కింద పడేసింది. మంత్రి గుడ్లురిమాడు. "ఏమిటే ఈ పొగరు?"

"మానేత్తన్నాను బాబూ. ఈ సెయ్యి నాదో కాదో తేల్సుకుని వత్తాను. సన్నెమ్మప్పనీ తెత్తాను."

"గాలి!" అన్నాడు రాజు.

అడవిలో ఆకు కదలడం లేదు. పిట్ట కూత లేదు. నడవగా నడవగా ఒక పుట్ట కనిపించింది. అందులోంచి ఒక ముని తల మాత్రమే బయటికి ఉంది. నుదుట చెమట. పైడి కుడిచెయ్యి దానంతటదే లేచి విసిరింది.

"నిన్నెవరడిగారే?" ముని కళ్ళు తెరవలేదు. "అడక్కుండా లేచిన చెయ్యి నీది కాదు, చేతులమ్మది. గుహలో కూర్చుని లాగుతోంది. నీ కోసం, నీ ఇష్టంతో, ఒక్క పని చేయించు దానిచేత. అప్పుడే ఆ పట్టు తెగుతుంది."

"ఏ పని సామీ?"

"అదీ నేనే చెబితే నీ ఇష్టం ఎలా అవుతుంది? పో!"

దారి మలుపులో ఎలుగుబంటి ఒకటి మనిషి గొంతుతో మూలుగుతోంది. "ఉక్కపోస్తోందే. కాస్త విసిరిపో, మా తల్లివి కదూ!"

"తల్లీ అన్నోళ్ళందరికీ ఇసిరే ఇలాగైనాను," అని పైడి ఎడంచేత్తో కుడిచేతిని అదిమి పట్టుకుంది.

ఎలుగుబంటి నవ్వింది. "మరి ఆ ఎడమది నీదేనా?"

పైడి చూసుకుంది. ఎడంచెయ్యి మెల్లగా ఊగుతోంది. రెండు చేతులూ కలిసి ఆమెను గుహలోకి ఈడ్చుకుపోయాయి.

లోపల వరసలు వరసలుగా మనుషులు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. తిరగలి లేకుండానే చేతులు తిరుగుతున్నాయి, చప్పుడు లేదు. నడుమ చేతులమ్మ. ఆమెకు చేతులే లేవు. భుజాలు ఏటి రాళ్ళలా నున్నగా ఉన్నాయి.

"నీ చోటు తుడిపించి ఉంచాను. కూర్చో," అంది, జోల పాడినట్టు.

పైడి మోకాళ్ళు వంగాయి. పక్కనే సన్నెమ్మ. గుర్తుపట్టలేదు. పైడి చూపూ మసకబారుతోంది. అప్పుడు చెంప మీద దోమ వాలింది.

కోటలో ఒక కట్టడి ఉంది. వింజామర పట్టినవాళ్ళు దోమ కుట్టినా కదలకూడదు. ఎన్ని దోమలు పైడి నెత్తురు తాగి పోయాయో! ఆ మంటంతా ఇప్పుడు ఒక్క చెంప మీదికి వచ్చింది.

ఫట్! కుడిచెయ్యి దోమను చంపేసింది. గుహ మారుమోగింది.

"ఎవరు చెప్పారు నీకు?" అని అరిచింది చేతులమ్మ.

"ఎవులూ సెప్పనేదు! నాకు మండింది, కొట్టినాను!" పైడి పక్కకు తిరిగింది. "అప్పా! నీ ముక్కు మీదా ఉంది. కొట్టీ! సూత్తావేటే?"

సన్నెమ్మ రెప్పలు కదిలాయి. ఫట్! వెనక వరసలో ఇంకొకటి. ఆ పైన గుహంతా చప్పట్లే. ఎవరో పకపకా నవ్వారు. చేతులమ్మ ఉప్పుగల్లులా కరిగిపోయింది. నేల మీద తడి మిగిలింది.

అందరూ కోటకు తిరిగొచ్చి నేరుగా సభలోకి నడిచారు. మంత్రి ఎదురొచ్చి, "ఎంత కావాలో అడుగు పైడమ్మా," అన్నాడు. అమ్మా అనడం అప్పుడే వచ్చింది అతగాడికి.

"అడగడానికి రానేదు, సెప్పడానికొచ్చినాం. ఇకనించి ఎవుల గాలి ఆళ్ళే ఇసురుకోవాల!"

వెనక ఊరంతా నిలబడి ఉంది. రాజు అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి వంగి, పైడి పడేసిన వింజామర అందుకున్నాడు, అదీ తలకిందులుగా. నాలుగు ఊపులు ఊపేసరికి మూలిగాడు. "చెయ్యి నొప్పెడుతోందే!"

"ఇప్పుడేగదా బాబూ మొదలెట్టినారు," అంది పైడి.

ఆ పూటే సన్నెమ్మను వెంటబెట్టుకుని, ఎన్నడూ చూడని సముద్రం చూడ్డానికి బయలుదేరింది. కథా వాళ్ళ వెంటే పోయింది. మీరు ఆటకి పొండి.